మన చేని మన్ను, కడలూరు ఇసుక

వాన నిలిచినాక చేని గట్టు తెగి, ఎర్రనీళ్ళు వంకలోకి దూకుతా ఉంటే మా తాత పార చేతిలో పట్టుకొని ఎప్పుడూ ఒకే మాట అనేవాడు. "ఇది కడలూరు మన్ను రా. నడమల కొన్నాళ్ళు మన చేతిలో ఉంటాది, అంతే."

తాత కడలూరు చూడలేదు. సముద్రమే చూడలేదు. ఉద్దనపల్లి, రాయకోట, హోసూరు సంత, ఎప్పుడైనా ఒకసారి తిరుపతి. ఆయన లోకం అంతే. అయినా మన వంకలో పడిన నీళ్ళు పెన్నేటిలో కలుస్తాయని, పెన్నేరు కడలూరు దగ్గర సముద్రంలో పడుతుందని ఆయనకు తెలుసు. చిన్నప్పుడు మాకు అది గట్టు తెగిన కోపంలో అన్న మాటలాగే వినిపించేది.

పోయిన సంక్రాంతి సెలవుల్లో ఇంటిల్లిపాదీ కలిసి ఆ మన్ను వెంబడి పోయి చూసొచ్చాము. నాయనకు ఇప్పుడు ఎనభై దాటింది. మా మనవరాలికి తొమ్మిదేళ్ళు. ఆ పాప పాత రేడియో స్పీకరులోంచి ఊడదీసిన అయస్కాంతం ఒకటి జేబులో వేసుకొని వచ్చింది. అది ఎందుకో తర్వాత చెబుతాను.

ఒక కొండ, రెండు నదులు

మన ఇళ్ళలో పిల్లలకు ఇది తప్పకుండా చెప్పాలి. నంది కొండల్లో రెండు పినాకినులు పుడతాయి. ఒకటి ఉత్తర పినాకిని. అది అనంతపురం, కడప సీమల మీదుగా పోయి నెల్లూరు దాటి సముద్రంలో కలుస్తుంది. తెలుగువాళ్ళు పెన్న అని పిలుచుకొనేది దాన్నే. రెండోది దక్షిణ పినాకిని. అది హోసూరు మీదుగా మన వైపు వచ్చి, కృష్ణగిరి, సాత్తనూరు దాటి, కడలూరుకు ఉత్తరాన సముద్రంలో పడుతుంది. తమిళులు తెన్‌పెణ్ణై అంటారు, పొన్నైయారు అంటారు. మనవాళ్ళకు ఇదీ పెన్నేరే.

అక్క తెలుగునాటికి పోయింది, చెల్లెలు ఇటు వచ్చింది. రాష్ట్రాల గీతలు గీసినప్పుడు మన ఊళ్ళు మద్రాసు రాష్ట్రంలో నిలిచిపోయాయి. అందుకని "మీ నది ఏది?" అని ఎవరైనా అడిగితే మన పిల్లలు తడబడతారు. కృష్ణ, గోదావరి అని పాటల్లో విన్న పేర్లు చెబుతారు. మన నది మన చేని పక్కనే ఉంది.

పైనున్నదంతా ఎక్కడికి పోయింది?

ఉద్దనపల్లి చుట్టూ ఉన్న గుండ్లు, బండలు మనకు అలవాటై వాటి వయసు తలుచుకోము. ఈ ప్రాంతపు నైస్ రాళ్ళు సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటివి. హిమాలయాలు వీటి ముందు నిన్న పుట్టిన పిల్లలు. కృష్ణగిరి నుంచి ధర్మపురి వైపు పోయేకొద్దీ రాయి రంగు మారుతుంది. తెల్లచారల బూడిదరంగు నైస్ పోయి, నల్లగా, కొంచెం ఆకుపచ్చగా ఉండే చార్నొకైట్ వస్తుంది. భూగర్భ శాస్త్రవేత్తలు ఈ దారిని ఎన్నో ఏళ్ళుగా శ్రద్ధగా చదివారు. ఎందుకంటే దక్షిణానికి పోయేకొద్దీ భూమి లోతుల్లో తయారైన రాళ్ళు పైకి కనిపిస్తాయి. 20 కిలోమీటర్లకు పైబడిన లోతులో, ఆ వేడిలో, ఆ ఒత్తిడిలో మారిన రాయి అది.

అంత లోతున ఉన్న రాయి ఈరోజు మన కాలి కింద ఉందంటే, దాని మీద ఉన్న కిలోమీటర్ల మందం రాయి ఏమైంది? భూమి నెమ్మదిగా పైకి లేచింది, ఎండా వానా గాలీ పైపొరను అరగదీశాయి. ఏళ్ళూ వంకలూ దాన్ని దిగువకు మోసుకుపోయాయి. నైస్ రాయి అరిగితే అందులోని ఫెల్డ్‌స్పార్ మెత్తబడి బంకమన్ను అవుతుంది. క్వార్ట్జ్ మాత్రం గట్టిది, కరగదు. అది ఇసుకరేణువై నది అడుగున దొర్లుతూ పోతుంది. నల్లని బరువైన రేణువులు కొన్ని దానితో పాటు పోతాయి. వాన వెలిశాక మన వీధుల్లో నల్లటి చారలుగా మిగిలేవి అవే. చిన్నప్పుడు మనమందరమూ అయస్కాంతం దారానికి కట్టి ఆ నల్ల ఇసుకను ఏరినవాళ్ళమే కదా! మా పాప జేబులో అయస్కాంతం అందుకే వచ్చింది. తాత మన్ను నిజంగా సముద్రం దాకా పోయిందా అని చూడాలంట.

చేనిలో వీరప్ప

సముద్రానికి పోయే ముందు ఇంటి దగ్గరి మాట ఒకటి చెప్పాలి. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా చెప్పాలి.

మన సీమ రాళ్ళ సీమ. శూలగిరి వైపున మల్లచంద్రం బండమీద రాతి పలకలతో కట్టిన సమాధి గదులు వందల సంఖ్యలో ఉండేవి. నాలుగు వైపులా పలకలు, పైన ఒక కప్పుబండ, ఒక పలకకు గుండ్రటి కంత. మనవాళ్ళు పాండవుల గుళ్ళని, రాక్షస గుళ్ళని అంటారు. ఇనుము వాడిన తొలి కాలపు మనుషులు తమవాళ్ళ కోసం కట్టుకున్నవి అవి. ఆ తర్వాతి కాలంలో వీరగల్లులు వచ్చాయి. ఊరి ఆవుల మందను కాపాడుతూ చచ్చినవాడికి, పులితో కలబడి చచ్చినవాడికి రాయి నిలిపి మొక్కడం. ఇది మొరసు నాడు. 13వ శతాబ్దం చివర హొయ్సల రామనాథుడు కుందాణి నుంచి ఏలిన నేల. తమిళం, కన్నడం, తెలుగు మూడూ ఒకే సంతలో వినిపించే చోటు ఇది. వీరగల్లులూ అంతే, ఏ ఒక్క భాషవాళ్ళవీ కావు.

మా చేనిలోనూ ఒకటి ఉండేది. నడుము ఎత్తు రాయి. విల్లు పట్టుకొన్న మనిషి, పక్కన చిన్నగా ఇంకో బొమ్మ. అవ్వ దాన్ని వీరప్ప అనేది. సంక్రాంతికి పసుపు రాసి, నూనె పోసి, ఒక ముద్ద సంకటి పెట్టి వచ్చేది. పన్నెండేళ్ళ కిందట బోరు వేసి చేను చదును చేయించినప్పుడు జేసీబీ తగిలి అది రెండు ముక్కలయింది. ఎవరిని అనాలి? మేమే దగ్గరుండి చదును చేయించుకున్నాము. పైముక్క గట్టు కింద పూడిపోయింది. అడుగుముక్కను పశువుల కొట్టం ముందర మెట్టుకు వేశారు. దానికి ఒక్క ఫోటో లేదు. ఆ పక్కన ఉన్న చిన్న బొమ్మ ఆడమనిషా, కుక్కా, దూడా అని మా ఇంట్లో ఇప్పటికీ ఎవరి మాట వారిదే.

అవ్వ అప్పటికి పోయింది. ఉండి ఉంటే ఏమనేదో అని నాయన ఇప్పటికీ తలుచుకుంటాడు.

నది ముఖద్వారం దగ్గర

కడలూరు దగ్గర తాళంగుడా అనే జాలరిపల్లె పక్కన పెన్నేరు సముద్రంలో కలుస్తుంది. ఇంటి దగ్గర మనం దాటే ఏరు ఇదేనంటే నమ్మలేము. అంత వెడల్పు. నోటి దగ్గర ఇసుక తిన్నె అడ్డంగా పడుకొని ఉంది. అలలు ఒకవైపు, నది ఒకవైపు తోస్తా ఉంటే తిన్నె ఏటేటా చోటు మారుతుందని అక్కడివాళ్ళు చెప్పారు. 2024 నవంబరు 30న ఫెంగల్ తుఫాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. ఆ మరుసటి రోజుల్లో మన కృష్ణగిరి జిల్లాలోని ఊత్తంగరైలో ఒక్కరోజే సుమారు 50 సెంటీమీటర్ల వాన పడింది. సాత్తనూరు ఆనకట్ట నుంచి సెకనుకు లక్షన్నర ఘనపుటడుగులకు మించి నీళ్ళు వదిలారు. పైన మన దగ్గర పడిన వాన కింద వీళ్ళ ఇళ్ళలోకి వచ్చింది. "మీ ఊరి నీళ్ళే మా ఇంట్లోకి వచ్చాయి" అని అక్కడ ఒక పెద్దాయన తమిళంలో నవ్వుతూ అన్నాడు. నవ్వుతూ అన్నా మాకు తల దించుకున్నట్టయింది.

పాప ఒడ్డున కూర్చొని ఇసుకలో అయస్కాంతం తిప్పింది. నల్లటి రేణువులు మీసాల్లా అంటుకొని వచ్చాయి. "తాతా, మన వీధి!" అని కేక వేసింది. ఆ రేణువు మన వీధిదే అని ఎవరూ సాక్ష్యం చెప్పలేరు. దారిలో ఎన్ని కొండలు, ఎన్ని వంకలు! కానీ అదే జాతి రాయి నుంచి, అదే నది వెంబడి వచ్చిందని చెప్పడంలో తప్పు లేదు. నాయన మాత్రం చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ ఇసుక కొంచెం చేతిలోకి తీసుకొని చూసి, మళ్ళీ అక్కడే వదిలేశాడు.

కొంచెం దక్షిణాన దేవనాంపట్టణం. అక్కడా మన కథ ముక్క ఒకటి ఉంది. 17వ శతాబ్దం మొదట్లో ఈ తీరం చెంజి నాయకుల చేతిలో ఉండేది. వాళ్ళు తెలుగువాళ్ళు. డచ్చివాళ్ళకు ఇక్కడ వ్యాపారం చేసుకోవడానికి అనుమతి ఇచ్చింది ఆ నాయకులే. తర్వాత చెంజి మరాఠాల చేతికి పోయింది. 1690లో ఇంగ్లీషు కంపెనీ మరాఠాల దగ్గర ఇక్కడి కోటను కొని సెయింట్ డేవిడ్ కోట అని పేరు పెట్టింది. కొన్నప్పుడు ఒప్పందం ఏమంటే, కోట మీదనుంచి ఫిరంగి పేలిస్తే గుండు పడినంత దూరంలోని ఊళ్ళన్నీ కంపెనీవి. అలా పోయిన ఊళ్ళను గుండు గ్రామాలన్నారు. కడలూరులో గుండు సాలై అనే వీధి ఇప్పటికీ ఉంది. 1758లో ఫ్రెంచివాళ్ళు ఆ కోటను పట్టుకొని పడగొట్టారు. ఇక్కడ గుండు పేల్చిన కంపెనీయే నూరేళ్ళ తర్వాత, 1791లో, టిప్పుతో యుద్ధంలో మన రాయకోట దుర్గం ఎక్కింది. ఆ మరుసటి ఏడు బారామహల్ అంతా కంపెనీ పాలయింది. మన్ను పైనుంచి కిందకు పోతే, దొరలు కిందనుంచి పైకి వచ్చారు.

వీరాంపట్టణం ద్వీపం, అరికమేడు గట్టు

నది నోటి దగ్గర పడిన ఇసుక అక్కడే ఉండిపోదు. ఈ తీరంలో ఏడాదిలో ఎక్కువ నెలలు అలలు దక్షిణం వైపు నుంచి ఏటవాలుగా వచ్చి ఒడ్డును తాకుతాయి. ఒక్కో అల ఇసుకను కొంచెం కొంచెం ఉత్తరానికి జరుపుతుంది. ఈశాన్య రుతుపవనాల నెలల్లో కొంత వెనక్కి వస్తుంది. ఏడాది మొత్తం లెక్క చూస్తే ఉత్తరానికి పోయేదే ఎక్కువ. అందుకని మేమూ ఇసుక వెంబడే ఉత్తరానికి పోయాము. సుమారు 15 కిలోమీటర్ల దూరంలో వీరాంపట్టణం.

పుదుచ్చేరికి కొంచెం దక్షిణాన శంకరాపరణి నది రెండు పాయలుగా చీలుతుంది. ఉత్తరాన అరియాంకుప్పం ఏరు, దక్షిణాన చున్నాంబారు. ఆ రెండు పాయలూ సముద్రమూ కలిసి నడుమ ఒక ద్వీపాన్ని చుట్టుకొని ఉన్నాయి. వీరాంపట్టణం ఆ ద్వీపపు సముద్రపు ఒడ్డు. కొబ్బరితోటలు, పడవలు, వలలు, ఆడి మాసంలో తేరు లాగే సెంగళునీర్ అమ్మవారి గుడి. ఆ ద్వీపంలోనే, అరియాంకుప్పం ఏటి వంపు దగ్గర, మామిడి, కొబ్బరి చెట్ల నీడలో ఒక పొడవాటి దిబ్బ ఉంది. అదే అరికమేడు.

పోయి చూస్తే మొదట నిరాశే. చెట్లు, గడ్డి, మేకలు. పాత ఇటుక గోడ ముక్క నిలబడి ఉంటే అందరూ దాని ముందు ఫోటో దిగుతారు. అది 18వ శతాబ్దంలో ఫ్రెంచి మిషన్ వాళ్ళు కట్టుకున్న ఇంటిది. అసలు పాత ఊరు కాలి కింద ఉంది.

ఆ ఊరు ఉందని మొదట బయటపెట్టింది ఏరే. గట్టు కోసుకుపోయినప్పుడల్లా పెద్ద పెద్ద ఇటుకలు బయటపడేవి. 18వ శతాబ్దంలోనే ఊరివాళ్ళు ఆ ఇటుకలు ఏరుకొని ఇళ్ళకు తీసుకుపోవడాన్ని లె జాంటీ అనే ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త చూసి రాశాడు. ఆయన శుక్రగ్రహం సూర్యుడి మీదుగా పోవడాన్ని చూడటానికి వచ్చినవాడు. 1761లో ఆ సమయానికి ఓడలో ఉండిపోయాడు, 1769లో పుదుచ్చేరిలో మబ్బు కమ్మింది. ఆకాశంలో చూడాల్సింది చూడలేకపోయినా, నేలమీద చూసింది రాసిపెట్టాడు. అది మనకు మిగిలింది.

1937లో జూవో దుబ్రెయిల్ అనే ఫ్రెంచి పండితుడు ఆ చుట్టుపక్కల పిల్లల దగ్గర చెక్కిన రాళ్ళు, పూసలు కొన్నాడు. వాటిలో ఒకదాని మీద ఉన్న తల రోము చక్రవర్తి అగస్టస్‌దని ఆయన అనుకున్నాడు. 1945లో భారత పురావస్తు శాఖ అధిపతి మార్టిమర్ వీలర్ తవ్వకం మొదలుపెట్టాడు. సముద్రానికి దగ్గరి భాగంలో నీళ్ళు తోడి పోస్తూ తవ్వాల్సి వచ్చింది. సుమారు 45 మీటర్ల పొడవున్న ఒక ఇటుక కట్టడం బయటపడింది. అది గిడ్డంగి అని ఆయన అనుకున్నాడు. ఇటలీలో తయారైన ఎర్రటి నునుపు పళ్ళేల ముక్కలు, మధ్యధరా సముద్రం నుంచి ద్రాక్షసారాయి తెచ్చిన రెండు చెవుల జాడీల ముక్కలు దొరికాయి. గ్రీకు నావికుల పుస్తకంలో పొదుకే అని రాసిన రేవు ఇదేనని చాలామంది భావిస్తారు.

వీలర్ దీన్ని రోము వర్తక కేంద్రం అన్నాడు. తర్వాత 1947 నుంచి 1950 వరకు కజాల్, 1989 నుంచి 1992 వరకు విమలా బెగ్లీ తవ్వి చూశారు. బెగ్లీ చెప్పింది వేరు. రోము సరుకు రాకముందే ఇక్కడ ఊరు ఉంది. ఆ సరుకు ఆగిపోయాక కూడా ఊరు నడిచింది. ఇక్కడి మనుషులు గాజు కరిగించి పూసలు చేసేవాళ్ళు, కుండల మీద తమిళ బ్రాహ్మిలో పేర్లు గీసుకొనేవాళ్ళు. దూరపు ఓడలు వచ్చిపోయేవి, ఊరు ఊరివాళ్ళదే.

ఒక పెంకు చెప్పిన వయసు

ఇక్కడే మన రాళ్ళకూ ఈ గట్టుకూ ముడి ఉంది.

వీలర్‌కు ముందు దక్షిణాదిలో పాత రాతి సమాధుల వయసు ఎవరికీ సరిగ్గా తెలియదు. అవి వేయి ఏళ్ళవో, మూడువేల ఏళ్ళవో చెప్పే ఆధారం లేదు. అరికమేడులో ఇటలీ పళ్ళేలు దొరికాయి. వాటి కాలం రోము చరిత్ర వల్ల తెలుసు. ఆ పొరల్లోనే లోపల వలయాలుగా గీతలు నొక్కిన ఒక రకం సన్నని పళ్ళేలు కూడా దొరికాయి. అలాంటి పెంకులే కర్ణాటకలోని చిత్రదుర్గం వైపు చంద్రవల్లిలో కూడా దొరికాయి. 1947లో వీలర్ ఆ దగ్గరే బ్రహ్మగిరిలో తవ్వి, పైపొరను ఆంధ్ర సంస్కృతి అన్నాడు. దాని కింద రాతి సమాధులు కట్టినవాళ్ళ పొర, దాని కింద రాతి గొడ్డళ్ళవాళ్ళ పొర. అలా సముద్రపు ఒడ్డున దొరికిన ఒక పెంకు, లోపలి ఊళ్ళ సమాధులకు మొదటిసారి వయసు చెప్పింది. మన మల్లచంద్రం గదులూ ఆ జాతివే.

ఆయన కట్టిన వయసు తర్వాత చాలా వెనక్కి జరిగింది. మన కృష్ణగిరి జిల్లాలోని మయిలాడుంపారైలో 2021లో తమిళనాడు పురావస్తు శాఖ తవ్వింది. అక్కడి ఇనుము క్రీ.పూ. 2172 నాటిదని 2022 మే నెలలో ప్రకటించారు. అంటే నాలుగువేల ఏళ్ళకు పైన. పిల్లలు అయస్కాంతంతో ఆడుకొనే సీమలో అంత పాత ఇనుము దొరికిందంటే మాకు ముచ్చట వేసింది.

అరికమేడు గట్టు దిగువన నీళ్ళు తగ్గిన చోట పాప ఒక పెంకు చూసింది. ఎర్రగా, గోరంత మందంలో. జేబులో వేసుకోబోతే నాయన చెయ్యి పట్టుకున్నాడు. "వద్దమ్మా. యాడుండాదో ఆడుంటేనే అది మాట్లాడతాది. నీ జేబులోకి వస్తే మూగదైపోతాది." ఆ పెంకు ఏ పొరలో, దేని పక్కన ఉందో తెలిస్తేనే అది ఆధారం. ఇది రక్షిత స్థలం కూడా. పాప పెంకును ఉన్నచోటే పెట్టింది. పెట్టి, "మరి ఏరు తీసుకుపోతే?" అని అడిగింది.

దానికి జవాబు మా దగ్గర లేకపోయింది. ఏరు గట్టు కోస్తేనే అరికమేడు మనకు తెలిసింది. ఆ ఏరే దాన్ని తీసుకుపోతా ఉంది కూడా. బయటపడటం, పోవడం రెండూ ఒకటే పని. ఆ రెంటి నడుమ ఉన్న కొన్నాళ్ళలో ఎవరో ఒకరు చూసి రాసిపెట్టకపోతే, అది ఉన్నట్టు కూడా ఎవరికీ తెలియదు.

ఇసుక రాకపోతే

తీరం అంటే గీత కాదు, రాబడీ ఖర్చూ ఉన్న ఖాతా. నదులు ఇసుక తెచ్చి వేస్తాయి, అలలు తీసుకుపోతాయి. రాబడి తగ్గితే సముద్రం నేలను తింటుంది.

పెన్నేటి మీద కృష్ణగిరి ఆనకట్ట, సాత్తనూరు ఆనకట్ట 1950లలో కట్టారు. తర్వాత హోసూరు దగ్గర కెలవరపల్లి వచ్చింది. అవి లేకపోతే మన పంటలు లేవు, వాటిని తప్పు పట్టలేము. కానీ ఆనకట్ట నీళ్ళను మాత్రమే ఆపదు, ఇసుకను కూడా ఆపుతుంది. ఆనకట్ట దాటిన కొంత ఇసుక ఇళ్ళ కోసం లారీలు ఎక్కుతుంది. కొండ అరిగి రేణువు కావడానికి లక్షల ఏళ్ళు. దాన్ని ఎత్తుకుపోవడానికి ఒక రాత్రి చాలు. మన సీమలో గ్రానైట్ క్వారీలు గుట్టనే ముక్కలు కోసి పంపుతున్నాయి. వాన అరగదీసింది నదిలో పడి ఎవరికో తీరం అవుతుంది. క్వారీ కోసింది ఎక్కడో ఇంటి నేలకు పలక అవుతుంది.

పుదుచ్చేరిలో ఏమైందో చూడండి. 1980ల చివర అరియాంకుప్పం ఏటి నోటి దగ్గర రేవు కోసం సముద్రంలోకి రాతి గోడలు కట్టారు. ఉత్తరానికి పోయే ఇసుక ఆ గోడల దగ్గర ఆగిపోయింది. దక్షిణాన ఒడ్డు పెరిగింది. ఉత్తరాన పుదుచ్చేరి ఊరి ముందున్న ఇసుక ఒడ్డు కొన్నేళ్ళలోనే మాయమై బండరాళ్ళు మిగిలాయి. ఆ రాళ్ళ అవతల కోత ఇంకా ఉత్తరానికి జరిగి కోట్టకుప్పం, బొమ్మయార్‌పాళయం వంటి జాలరిపల్లెల్లో ఇళ్ళు సముద్రంలో పడిపోయాయి. ఒకచోట రాళ్ళు వేసి కాపాడితే కోత పక్క ఊరికి పోతుంది, అంతే. 2018లో సముద్రం అడుగున ఒక దిబ్బలాంటి కట్టడం దింపి, అలల జోరు తగ్గించి, ఇసుకను మళ్ళీ పోస్తే ఊరి ముందు ఒడ్డు కొంత తిరిగి వచ్చింది. సాయంత్రం మేము కూర్చున్నది ఆ ఇసుక మీదే. పిల్లలు అలల్లో గంతులు వేస్తుంటే నాయన అన్నాడు, "మీ తాత చెప్పింది నిజమే. కానీ ఈ కాలాన మన్ను కడలూరు దాకా రావడమే కష్టమైపోయింది."

మన చేతిలో ఉన్న కొన్నాళ్ళు

ఇంటికి వచ్చిన మరునాడు పశువుల కొట్టం ముందరి మెట్టును పెకలించాము. నాయన దగ్గరుండి నీళ్ళు పోసి కడిగించాడు. రెండు పాదాలు, వాటి పక్కన నాలుగు చిన్న కాళ్ళు కనిపించాయి. ఆవుదూడ అని నాయన, కుక్క అని చిన్నాయన. ఆ గొడవ తీరదు గానీ, ఆ పక్కన ఉన్నది ఆడమనిషి కాదని తేలింది. పైముక్క కోసం వేసవిలో గట్టు దగ్గర చేత్తోనే, మెల్లగా తవ్వి చూస్తాము. జేసీబీ పెట్టము. దొరికినా దొరక్కపోయినా, అది మొదట ఎక్కడ నిలబడి ఉండేదో, ఎటు ముఖం పెట్టి ఉండేదో నాయన చేత చెప్పించి నోటుపుస్తకంలో రాయించాము. ఫోటోలు, కొలతలు తీసి కృష్ణగిరి ప్రభుత్వ మ్యూజియం వాళ్ళకు చూపిస్తాము.

రాసింది పాప. తమిళ మీడియం బడిలో చదివే పిల్ల. ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ రాయడం ఇప్పుడే నేర్చుకుంటా ఉంది. వీరప్ప అన్న మాటలో పకారం వత్తు మూడుసార్లు దిద్దింది. మా ఇంట్లో తెలుగు అక్షరం కూడా ఆ గట్టులాంటిదే అని నాకు అప్పుడు తోచింది. నాయన తరానికి బడిలో వచ్చింది. నా తరానికి సగం. మా పిల్లలకు మాటే మిగిలింది. ఎవరినీ నిందించి లాభం లేదు. ఈ ఆదివారం ఒక పేజీ, వచ్చే ఆదివారం ఒక పేజీ.

మీ చేనిలో, మీ ఊరి చెరువు గట్టు మీద ఇట్లాంటి రాయి ఉంటే ఒక పని చేయండి. రంగులు పూయకండి, చోటు మార్చకండి. ముందు ఫోటో తీయండి. ఎక్కడుందో, ఎటు చూస్తోందో, దాన్ని ఏ పేరుతో పిలుస్తారో, ఎవరు ఎప్పుడు మొక్కుతారో మీ ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి రాయండి. పెద్దవాళ్ళు ఉండగానే అడగండి. మేము అవ్వను అడగలేదు.

ఈ ఏడు వానలు మొదలై గట్టు తెగినప్పుడు నాయన పార పట్టుకొని పోయి నిలబడ్డాడు. తాత మాట అంటాడేమో అని చూశాను. అనలేదు. వెనక నుంచి పాపే అనింది, "కడలూరు మన్ను పోతా ఉండాది, రండి, గట్టు వేద్దాం."